అంతర్జాలమునకు రెండవ దారి

పూర్వము వర్తకునికి కావలసినవి మూడు: సరుకు, త్రాసు, ఖాతా పుస్తకము. ఈ మూడును అతని దుకాణములోనే యుండెడివి. ఊరిలో ఏమి జరిగినను తలుపు తెరచి కూర్చున్నంతసేపు వ్యాపారము సాగెడిది. నేడు సరుకు మాత్రమే దుకాణములో ఉన్నది. ఖాతా ఎక్కడో దూరముననున్న కంప్యూటరులో ఉన్నది. పైకము కొనుగోలుదారుని బ్యాంకు నుండి వర్తకుని బ్యాంకునకు కంటికి కనబడకుండ పోవుచున్నది. పన్ను లెక్కలు ప్రభుత్వ పోర్టలునకు చేరుచున్నవి. వీటన్నిటిని దుకాణముతో కలుపునది గోడకు మేకులు కొట్టి బిగించిన ఒక సన్నని గాజు తీగ. ఆ తీగ తెగిన నాడు దుకాణము తెరచియున్నను మూసినట్లే.

ఈ తీగకు తోడుగా మరియొక దారిని ఏర్పరచి, మొదటిది చెడగానే మనుష్యుని ప్రమేయము లేకుండ పని రెండవదానిమీదికి మారునట్లు చేయు పద్ధతిని సాంకేతికులు ఫెయిలోవర్ అందురు. ఈ వ్యాసములో మేము దానిని ‘స్వయం మార్పిడి’ అని వ్యవహరింతుము. వాణిజ్యశాస్త్రమును, కంప్యూటరు శాస్త్రమును చదువుచున్న మన విద్యార్థులు రేపు ఉద్యోగములకు పోవుచోట ఈ మాటను తప్పక విందురు. ప్రవేశములు, పరీక్ష రుసుములు అంతర్జాలము ద్వారా జరుగుచున్న ఈ దినములలో కళాశాల పాలక సంఘము వారికిని దీనితో పని కలదు. డబ్బు చెల్లించినచో రెండు కనెక్షన్లు ఎవరికైనను దొరకును. అవి నిజముగా రెండు దారులా అనునదే విచారింపదగిన విషయము.

ఈ విచారణ చేయకపోవుటవలన కలుగు నష్టమును కెనడా దేశము 2022 జూలై 8న చవిచూచినది. ఆనాటి తెల్లవారుజామున రోజర్స్ అను పెద్ద టెలికాం సంస్థ నెట్‌వర్కు దేశమంతట ఒక్కసారిగా కూలిపోయినది. కోటి ఇరువది లక్షలకు పైగా వినియోగదారులు సంబంధమును కోల్పోయిరి. వారిలో ఇండ్లవారు, చేతిఫోనులవారు, వ్యాపార సంస్థలవారు అందరును కలరు. చాలమందికి సేవ తిరిగి వచ్చుటకు ఒక పగలు, ఒక రాత్రి పట్టినది. తుపాను రాలేదు, తీగ తెగలేదు. కేంద్ర నెట్‌వర్కును ఏడు దశలలో మెరుగుపరచు పనిలో ఆరవ దశ జరుగుచుండెను. ఆ పనిలో భాగముగ రౌటర్లలోని ఒక వడపోత నియమమును తొలగించిరి. బయటి ప్రపంచపు దారుల పట్టికలు కేంద్ర రౌటర్ల మీద విరుచుకొని పడకుండ అంతవరకు ఆపుచున్నది ఆ నియమమే. అది పోగానే పట్టికల వరద కేంద్ర రౌటర్లను ముంచివేసినది. ముందు దశలన్నియు నిర్విఘ్నముగ జరిగినందున ఈ దశలోని ప్రమాదమును ‘తక్కువ’ అని లెక్కకట్టియుండిరట!

రోజర్స్ వారి చేతిఫోను సేవయు, తీగ ద్వారా వచ్చు అంతర్జాల సేవయు ఆ ఒకే కేంద్రముమీద ఆధారపడియుండినవి. కనుక రోజర్స్ తీగను ప్రధానముగ పెట్టుకొని, దానికి తోడుగ రోజర్స్ సిమ్మునే ఉంచుకొన్న వర్తకునికి ఆనాడు రెండును పోయినవి. అతనికి నెలనెల రెండు బిల్లులు వచ్చుచుండెను గాని దారి మాత్రము ఒక్కటియే.

వేరొక సంస్థ కనెక్షను గల దుకాణదారునికైనను సుఖము లేకపోయినది. కెనడాలో డెబిట్ కార్డు చెల్లింపులను నడుపు ఇంటరాక్ అను వ్యవస్థ తానే రోజర్స్ మీద ఆధారపడియుండెను. దుకాణములో దీపములు వెలుగుచున్నవి, కనెక్షను పని చేయుచున్నది, యంత్రము బాగున్నది. అయినను డెబిట్ కార్డు చెల్లదు. ‘నగదు మాత్రమే’ అని కాగితములు వ్రాసి తలుపులకు అంటించిరి. తన ఇంటి ముందర రెండు బాటలు వేసికొన్నను, ఏటి మీద ఉన్న వంతెన ఒక్కటియే అయినచో ఆ వంతెన కూలిన నాడు రెండు బాటలును ఏటి ఒడ్డున ఆగిపోవును. కావున వ్యాపార సంస్థ తన దారులను మాత్రమే కాక, తాను ఆశ్రయించిన బ్యాంకునకు, చెల్లింపుల సంస్థకు, లెక్కల సాఫ్ట్‌వేరు వారికి ఎన్ని దారులున్నవో కూడ అడిగి తెలిసికొనవలెను. అడుగుటకు రుసుము లేదు గదా!

రోజర్స్ ఇంజనీర్ల అవస్థయు గమనింపదగినది. దూరమునుండి రౌటర్లను చక్కదిద్దుటకు వారు వాడు నిర్వహణ మార్గము కూడ కూలిన నెట్‌వర్కుమీదనే ఆధారపడియుండెను. ఒకరితోనొకరు మాటలాడుకొనుటకు వారి చేతనున్న ఫోనులును ఆ సంస్థవే. బావిలో పడినవానిని లాగవలసిన త్రాడు కూడ బావిలోనే పడినట్లయినది. కారణమును తేల్చుకొనుటకే సుమారు 14 గంటలు పట్టినది.

అన్నిటికంటె మనస్సును కలచు విషయము వేరొకటి కలదు. కెనడాలో ప్రాణాపాయ సమయమున పిలువవలసిన సంఖ్య 911. ఫోనునకు తన సంస్థ సంకేతము బొత్తిగా అందనిచో అత్యవసర పిలుపును అందుబాటులోనున్న మరియొక సంస్థ టవరు ద్వారా పంపు ఏర్పాటు ఫోనులలోనే కలదు. అదియు ఒక విధమైన స్వయం మార్పిడియే. కాని ఆనాడు రోజర్స్ టవర్లు రేడియో సంకేతములను పంపుచునే యుండినవి. వాటి వెనుకనున్న నెట్‌వర్కు మాత్రమే మరణించినది. ఫోనులు తమ సంస్థ బ్రతికియే యున్నదని నమ్మి దానినే అంటిపెట్టుకొని యుండినవి. మార్పిడి జరుగలేదు. అనేకులు 911ను పిలువబోయి పిలువలేకపోయిరి.

స్వయం మార్పిడిలోని అసలు చిక్కు ఇక్కడనే కలదు. పూర్తిగా చచ్చిన దారిని గుర్తించుట యంత్రమునకు సులభము. సగము చచ్చిన దారియే దానిని మోసగించును. మన దుకాణములలో కూడ ఇదియే జరుగుచుండును. గోడమీది పెట్టెలో పచ్చదీపము వెలుగుచుండును. ఆ దీపమునకు తెలిసినది తన పెట్టె నుండి వీధి చివరనున్న పరికరము వరకు గల తీగ సంగతి మాత్రమే. ఆ పరికరమునకు అవతల ఏమైనదో దానికి తెలియదు. తక్కువ వెలకు వచ్చు కొన్ని ఏర్పాట్లు ఈ తీగ సంకేతమును మాత్రమే చూచి, ‘దారి బాగున్నది’ అని ఊరకుండును.

కనుక మంచి రౌటరు దూరమునకు పిలిచి చూచును. పని ఇట్లు జరుగును: రౌటరునకు బయటి కనెక్షన్ల కొరకు రెండు ద్వారములుండును. ఒకదానికి ప్రధాన తీగను, రెండవదానికి ప్రత్యామ్నాయమును కలుపుదురు. అంతర్జాలములో దూరముననున్న రెండు మూడు చోట్లకు ప్రధాన దారి గుండా, మాటకు ఐదు సెకనుల కొకసారి, అది చిన్న సందేశమును పంపి జవాబు కొరకు చూచును. ఒకే చోటిని నమ్మరాదు. ఆ చోటనే లోపమున్నచో బాగున్న దారిని చెడినదిగ భావించు ప్రమాదము కలదు. ఒక్కసారి జవాబు రాకున్నంత మాత్రమున తొందరపడదు. వరుసగా మూడుసార్లు ఎవ్వరును పలుకనిచో దారి పోయినదని నిశ్చయించి, పనినంతయు రెండవ ద్వారమునకు మరల్చును. అనగా చెడిన తరువాత పదునైదు సెకనులకు మార్పు జరుగును. ఈ కాలమును మరీ తగ్గించినచో చిన్న చిన్న తడబాటులకే రౌటరు అటునిటు గంతులు వేయును. మరీ పెంచినచో గల్లా ముందు మనుష్యులు బారులు తీరుదురు. తిరిగి ప్రధాన దారికి వచ్చుటలో మాత్రము తొందర పనికిరాదు. జబ్బు నుండి లేచినవానిని వెంటనే బరువు మోయుమనము గదా! కొన్ని నిమిషములు స్థిరముగ జవాబులు వచ్చిన పిదపనే మరలింపవలెను.

ఇక గణితమునకు వత్తము. విద్యార్థులు కాగితము, కలము తీసికొందురు గాక. ఒక కనెక్షను నూటికి 99 పాళ్లు పని చేయునని అనుకొందము. వినుటకు బాగుగనే యున్నది. కాని సంవత్సరమునకు 8,760 గంటలు; అందులో నూటికొక పాలు అనగా 87 గంటల 36 నిమిషములు, దాదాపు మూడున్నర దినములకు మించి, దుకాణము మూగపోవును. ఇట్టివి రెండు తీసికొని, ఒకదాని లోపమునకు రెండవదాని లోపముతో ఏ సంబంధము లేదనుకొన్నచో, రెండును ఒకేసారి పోవు సంభావ్యత 0.01ని 0.01తో గుణింపగా వచ్చు 0.0001. సంవత్సరమునకు 53 నిమిషములకు లోపే. మూడున్నర దినములు గంటలోపునకు దిగినవి! కనెక్షన్లను అమ్మువారు ఇంతవరకే చెప్పి ఆపుదురు.

‘ఏ సంబంధము లేదనుకొన్నచో’ అను మాటలోనే కీలకము దాగియున్నది. ఆ 87 గంటల లోపములో సగము రెండు తీగలకును ఉమ్మడియైన కారణము వలననే, ఉదాహరణకు రెండును ఒకే స్తంభముమీద వచ్చుటవలననే, కలుగుచున్నదనుకొనుడు. అప్పుడు రెండవ కనెక్షను ఎంత గొప్పదైనను సంవత్సరమునకు 43 గంటల 48 నిమిషముల మౌనము తప్పదు. గంటలోపు అనుకొన్నది తిరిగి రెండు దినములకు చేరువైనది. రెండు పడవలమీద కాళ్లు పెట్టరాదని పెద్దలు చెప్పిరి. ఈ ఒక్క విషయములో పెట్టవచ్చును గాని, ఆ రెండు పడవలను ఒకే గుంజకు కట్టరాదు.

ఇది ఊహ కాదు. 2025 ఆగస్టులో హైదరాబాదు రామంతాపూరులో కృష్ణాష్టమి ఊరేగింపు రథమునకు విద్యుత్తు తగిలి ఐదుగురు మరణించిన ఘోర ప్రమాదము పాఠకులకు తెలిసినదే. దాని తరువాత నగరములో విద్యుత్ స్తంభములపై అడ్డదిడ్డముగ వ్రేలాడుచున్న కేబుళ్లను కత్తిరించి తొలగింపసాగిరి. ప్రాణరక్షణ కొరకు జరిగిన ఆ పనిని మేము తప్పుపట్టుట లేదు. కాని అనేక వీధులలో అంతర్జాలము ఆగిపోయినది. కత్తెరకు ఏ తీగ ఏ సంస్థదో పట్టదు. రెండు వేర్వేరు సంస్థల వద్ద రెండు కనెక్షన్లు తీసికొని, రెండింటిని ఒకే స్తంభముమీదుగ తెచ్చుకొన్నవారికి రెండును ఒకే నిమిషములో పోవుటలో ఆశ్చర్యమేమున్నది? పత్తర్‌ఘట్టి, మదీనా ప్రాంతములలోని పాత వీధులలో నడచునప్పుడు విద్యార్థులు ఒకసారి తలయెత్తి చూతురు గాక. ఒక్కొక్క స్తంభముమీద ఎన్ని సంస్థల తీగలు ఒకదానినొకటి పెనవేసికొని యున్నవో కంటికే కనబడును.

దూరపు సముద్రములలోను ఇదియే కథ. 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సమీపమున రెండు సముద్రగర్భ కేబుళ్లు తెగగా భారతదేశమునకు పడమటి దారి చాలవరకు మూసికొనిపోయినది. వేర్వేరు కేబుళ్లే, వేర్వేరు యాజమాన్యములే. కాని రెండును ఒకే ఇరుకు మార్గమున పోవుచుండెను. సింగపూరు వైపునకు, పసిఫిక్ సముద్రముమీదికి తిరుగుదారి గలవారు కొంత నిలదొక్కుకొనిరి. రెండు దినములకే దుబాయి, ఒమాను నడుమ మరియొక కేబులు తెగినది. అక్కడ దొరికినది ఐదారు టన్నుల బరువుగల, ఎవరో వదలిపోయిన లంగరు! 2025 సెప్టెంబరులో ఎర్రసముద్రమున జెద్దా సమీపమున కేబుళ్లు దెబ్బతిన్నప్పుడును భారత, పాకిస్తాను దేశములలో అంతర్జాలము మందగించినది.

మరి రెండవ దారిగ దేనిని తీసికొనవలెను? ప్రధానమైనది గాజు తీగ అయినచో, రెండవది తీగ కాకుండుట మేలని మా అభిప్రాయము. వేరొక సంస్థ వారి 4జీ లేక 5జీ సిమ్మును రౌటరులో పెట్టుట చిన్న సంస్థలకు చవుకైన మార్గము. స్తంభము కూలినను, గోతులు త్రవ్వువాడు భూమిలోని తీగను నరికినను గాలిలోని దారి మిగులును. ఆ టవరునకు కూడ వెనుక గాజు తీగయే ఉండవచ్చును గనుక ఇదియు సంపూర్ణ రక్ష కాదు. ఐనను రెండు వేర్వేరు సంస్థలు, రెండు వేర్వేరు విధములు అయినచో ఉమ్మడి కారణములు చాల తగ్గును. నగరమునకు దూరముగనున్న కర్మాగారములు, గిడ్డంగులు, బ్యాంకు శాఖలు ఉపగ్రహ సంబంధమును ఉంచుకొనుట కలదు. 1994లో జాతీయ స్టాక్ ఎక్స్ఛేంజి తన వ్యాపారమును దేశమంతట విస్తరించినది చిన్న ఉపగ్రహ పళ్లెముల సహాయముననే. అయితే భూస్థిర ఉపగ్రహము 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉండును. సందేశము పైకి పోయి క్రిందికి వచ్చుటకు పావు సెకను, జవాబు వచ్చుసరికి అర సెకను గడచును. లెక్కలు పంపుటకు ఇది చాలును, సంభాషణకు మాత్రము విసుగు పుట్టించును.

మార్పిడి జరిగిన క్షణమున ఏమగునో కూడ తెలిసికొనవలెను. దారి మారినచో సంస్థకు బయటి ప్రపంచమున గల చిరునామా మారును. అందువలన నడుచుచున్న ఫోను సంభాషణ తెగును, ప్రధాన కార్యాలయముతో గల రహస్య మార్గము విడిపోయి మరల కట్టబడును, సగములోనున్న చెల్లింపు నిలిచిపోవును. గల్లావద్ద కూర్చున్నవానికి ఈ సంగతి చెప్పియుంచవలెను. లేనిచో అతడు కార్డును మరల గీసి ఒకే సరుకునకు రెండుసార్లు పైకము వసూలు చేయును. చిరునామా మారకుండ దారి మాత్రమే మారవలెనన్నచో, సంస్థకు సొంత చిరునామాలుండి, తన జాడను రెండు టెలికాం సంస్థల ద్వారా బీజీపీ అను పద్ధతిలో లోకమునకు ప్రకటించుకొనవలెను. (ఈ బీజీపీ 1989లో ఇద్దరు ఇంజనీర్లు భోజనపు బల్లవద్ద కాగితపు చేతిరుమాళ్లమీద గీసికొన్న ఆలోచన. నేటికిని ప్రపంచ అంతర్జాలమంతయు దానిమీదనే నడుచుచున్నది!) ఇది పెద్ద సంస్థలకే తగినది. చిన్న దుకాణమునకు దాని జోలి వలదు.

రెండవ దారి సాధారణముగ ఇరుకైనది. ఆ సన్నని దారిలో ఎవరు ముందు పోవలెనో ముందే నిర్ణయింపనిచో, నిఘా కెమెరాల చిత్రములు, కంప్యూటర్లు తమంతట తాము దింపుకొను సాఫ్ట్‌వేరు మార్పులు దారినంతయు ఆక్రమించి, బిల్లు వేయు యంత్రమును బయట నిలబెట్టును. చెల్లింపులు, బిల్లులు ముందు. చిత్రములు తరువాత అని రౌటరులో వ్రాసియుంచవచ్చును. విద్యుత్తు సంగతి వేరుగ చెప్పనేల? కరెంటు పోయినప్పుడు రౌటరు, తీగ పెట్టె రెండును ఆరిపోయినచో రెండు దారులుండియు ప్రయోజనము లేదు. కంప్యూటర్లకు యూపీఎస్ పెట్టి, రౌటరును మాత్రము మామూలు ప్లగ్గులో వదలినవారిని మేము పలుచోట్ల చూచితిమి.

ఈ ఖర్చు అందరికిని అవసరమా అని అడుగవచ్చును. వీధిమూల కిరాణా దుకాణమునకు అవసరము లేదని మేము తలంతుము. అక్కడ యూపీఐ చెల్లింపు కొనుగోలుదారుని ఫోనులోని సొంత డేటా మీద నడుచును. డబ్బు వచ్చినదని పలుకు చిన్న పెట్టెకు దాని సిమ్ము దానికి ఉండును. ఎవరును తలపెట్టకయే అతనికి రెండవ దారి ఏర్పడియున్నది. మందుల టోకు వర్తకునికి, ఆసుపత్రికి, టికెట్లు అమ్మువారికి, ఇరువదిమంది కూర్చుని పరదేశపు లెక్కలు వ్రాయు కార్యాలయమునకు సంగతి వేరు. లెక్క సులభము: ఒక గంట పని ఆగినచో పోవు రాబడి ఎంత, కూర్చోబెట్టి ఇచ్చు జీతము ఎంత అని చూచుకొని, దానిని సంవత్సరమునకు ఆగు గంటలతో గుణించి, రెండవ కనెక్షను వెలతో పోల్చవలెను. ఆసుపత్రి విషయములో ఈ గుణకారము కూడ అక్కరలేదు. మన కళాశాల వంటి సంస్థకు సంవత్సరమంతయు అవసరము లేకున్నను, ప్రవేశముల గడువు, రుసుముల గడువు దినములలో ఒక విద్యార్థి దరఖాస్తు ఆగినచో అతనికి ఒక సంవత్సరము పోవును. ఆ దినములకైనను వేరొక సంస్థ సిమ్ముతో ఒక రౌటరును సిద్ధముగ ఉంచుటకు పెద్ద ఖర్చు కాదు.

కెనడా దేశము ఆ దెబ్బ తరువాత కొంత సర్దుకొన్నది. 2022 సెప్టెంబరులో అక్కడి ప్రధాన టెలికాం సంస్థలు ఆపత్సమయమున ఒకదానికొకటి తోడ్పడుటకు ఒప్పందము చేసికొన్నవి. ఇంటరాక్ వారు మరియొక సంస్థను కూడ ఆశ్రయించిరి. రోజర్స్ వారు తమ చేతిఫోను సేవకు, తీగ సేవకు గల కేంద్రములను వేరుపరచుటకు పూనుకొనిరి.

చివరకు పరీక్ష మాట. ఒకసారి ఏర్పాటు చేసి మరచిన రెండవ దారి చాలసార్లు అక్కరకు రాదు. సిమ్ము రీచార్జి గడువు ఎప్పుడో తీరియుండును. రౌటరు తాళపు మాట తెలిసిన ఉద్యోగి వేరొక ఊరికి బదిలీయై యుండును. ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వుట ఎట్టిదో, ఆనాడు ఆ ఉద్యోగి ఫోను నంబరు కొరకు వెదకుట అట్టిది. నెలకొకసారి, పని తక్కువగనున్న వేళ, ప్రధాన తీగను రౌటరు నుండి చేతితో లాగి గడియారము చూడవలెను. అంతటితో సరిపోదు. రోజర్స్ నాటి సగము చావును గుర్తుంచుకొని, రెండవ పరీక్షలో తీగను పెరుకక, గోడమీది పెట్టెకు వీధినుండి వచ్చు తీగను మాత్రము తీసి, పెట్టెకును రౌటరునకును నడుమ దీపము వెలుగుచుండగనే మార్పిడి జరుగునో లేదో చూడవలెను. రెండు పరీక్షలలోను ఒక బిల్లు వేసి, ఒక రూపాయి చెల్లింపు చేసి, ఒక ఫోను మాటలాడి చూచి, రౌటరు ప్రక్కన అంటించిన చీటీమీద తేదీని, మారుటకు పట్టిన సెకనులను, పరీక్షించినవారి పేరును వ్రాయవలెను.